చివరి రెండు వందల మీటర్లు

(సంఘం సాంస్కృతిక ఉత్సవాల్లో యువతీ యువకులతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

 

"సంస్కృతి గురించి నాలుగు మాటలు చెప్పండి మేడం" అని నిర్వాహకులు మమ్మల్ని పిలిచారు. గుస్సాడీ గురించి, తీజ్ గురించి, డోలు గురించి మా కంటే బాగా తెలిసిన పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. మేము మైలార్‌దేవ్‌పల్లిలో గిరిజన ఆడపిల్లల హాస్టల్ చూసుకునేవాళ్లం. పొద్దున ఐదున్నరకు బెల్లు కొట్టడం, ఎవరికి జ్వరం వచ్చిందో చూడడం, ఎవరు అన్నం తినలేదో అడగడం మా పని. అందుకని మాకు తెలిసిన సంగతే చెబుతాం. అది పరుగు గురించి.

మా హాస్టల్ ఎక్కడుందో మీలో కొందరికి తెలుసు. ఒక దిక్కు కాటేదాన్ కార్ఖానాలు, ఇంకో దిక్కు ఆరాంఘర్ నుంచి శంషాబాద్ పోయే హైవే, నెత్తి మీద విమానాలు. గ్రౌండ్ అని చెప్పుకోవడానికి వెనుక కొంచెం ఖాళీ జాగా ఉంది. సున్నంతో గీత గీసి టేపుతో కొలిస్తే ఒక చుట్టు రెండు వందల మీటర్లు వచ్చింది. నాలుగు చుట్లు తిరిగితే 800 మీటర్లు. మా పిల్లల పరుగంతా ఆ సున్నం గీత మీదనే.

కొన్నేళ్ల కింద మా దగ్గర తొమ్మిదో తరగతి పాప ఒకామె ఉండేది. పేరు చెప్పం. మిర్చి పండే ఊళ్ల వైపు తండా ఆమెది. బెల్లు కొట్టకముందే లేచి ఉరికేది. జోనల్ ఆటల పోటీలకు 800 మీటర్లలో ఆమె పేరు ఇచ్చాం. తుపాకీ పేలగానే ఆమె అందరి కంటే ముందుకు దూకింది. మొదటి చుట్టు అయ్యేసరికి వెనుక వాళ్లకూ ఆమెకూ ఇరవై మీటర్ల దూరం. మేము గీత పక్కన నిలబడి "ఉరుకు బిడ్డా, ఉరుకు" అని గొంతు పోయేలా అరిచాం. రెండో చుట్టు సగంలో ఆమె కాళ్లు బిగుసుకుపోయాయి. ఒకరి వెనుక ఒకరు దాటుకుంటూ పోయారు. ఆమె ఆరో స్థానంలో వచ్చింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో అందరి ముందు మేము ఒక మాట అన్నాం. "తెలివి లేకుండా ఉరికితే ఇట్లనే అయితది" అన్నాం. ఆమె ఏమీ అనలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

సంక్రాంతి సెలవులకు అందరితో పాటు ఇంటికి పోయింది. సెలవులు అయిపోయాయి, పిల్లలంతా వచ్చారు, ఆమె రాలేదు. పది రోజులు చూశాం. ఫోన్ కలవలేదు. ఆదివారం పూట బస్సెక్కి తండాకు పోయాం. వాళ్లమ్మ ఇంటి ముందు కూర్చుని ఉంది. "మిర్చి ఏరబోయింది" అన్నది. తండ్రి సంబంధం ఒకటి చూస్తున్నట్టు కూడా మాటల్లో తెలిసింది. చీకటి పడే వేళకు పాప వచ్చింది. చేతులు మిర్చి ఘాటుకు మండుతుంటే నీళ్లలో ముంచుకుంటూ మా దిక్కు చూడకుండానే అన్నది: "మేడం, మొదట్ల మీరే ఉరుకుమన్నరు. ఉరికిన. ఆఖర్ల మీరే తిట్టిన్రు."

మా దగ్గర జవాబు లేదు. బీఈడీలో మేము పిల్లల మనస్తత్వం చదివాం, పాఠ్య ప్రణాళికలు రాశాం. కానీ 800 మీటర్లు ఎట్లా ఉరకాలో మాకు తెలియదు. తెలియకుండా అరిచాం, తెలియకుండానే తిట్టాం. తప్పు ఆమె కాళ్లలో లేదు, మా నోటిలో ఉంది. ఆ రాత్రి వాళ్ల ఇంట్లోనే ఉండి తల్లిదండ్రులతో మాట్లాడి, పదో తరగతి అయ్యే దాకా పెళ్లి మాట ఎత్తమని మాట తీసుకుని పాపను వెంట తెచ్చుకున్నాం.

వచ్చాక మేము చేసిన మొదటి పని, పరుగు గురించి నేర్చుకోవడం. పీఈటీ మేడం తన ఫోన్లో ఒక పాత పందెం చూపించింది. 1972 సెప్టెంబర్ 2, జర్మనీలోని మ్యూనిక్ ఒలింపిక్స్, మగవాళ్ల 800 మీటర్ల ఫైనల్. అందులో అమెరికా ఆటగాడు డేవ్ వాటిల్ నెత్తి మీద తెల్లటి గోల్ఫ్ టోపీ పెట్టుకుని ఉరుకుతుంటాడు. ఆ ఎండాకాలమంతా మోకాళ్ల నొప్పితో సరిగా సాధన చేయలేకపోయిన మనిషి. తుపాకీ పేలగానే అందరూ ముందుకు పోయారు, అతను అందరి కంటే వెనుకబడ్డాడు. మొదటి చుట్టు అయినా ఆఖర్లోనే ఉన్నాడు. మా పిల్లలు నవ్వారు. "టోపాయన పని అయిపోయింది మేడం" అన్నారు. చివరి చుట్టులో ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చాడు. ఆఖరి అడుగుల్లో సోవియట్ ఆటగాడు ఎవ్‌గెనీ అర్జానోవ్‌ను అందుకున్నాడు. అర్జానోవ్ గీత మీద ముందుకు పడిపోయాడు. తేడా సెకనులో వందో వంతులు మూడు. వాటిల్‌కు బంగారు పతకం. ఆ సంబరంలో జాతీయ గీతం పాడేటప్పుడు కూడా టోపీ తీయడం మరిచిపోయి, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు.

పిల్లలు మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూశారు. ఆ రాత్రి మా హాస్టల్లో ఒక కొత్త సిద్ధాంతం పుట్టింది. స్టడీ అవర్లో పుస్తకం తెరవని పిల్లను అడిగితే "ఆఖర్ల చూసుకుంటం మేడం, టోపాయన లెక్క" అన్నది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇవాళ మేము చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ఈ పందేన్ని చాలామంది ఇట్లనే అర్థం చేసుకుంటారు. మొదట నిద్రపోయి చివర్లో లేచి గెలిచాడని అనుకుంటారు. అది తప్పు. ఆ 800 మీటర్లను నాలుగు రెండు వందల ముక్కలుగా కోసి చూస్తే, వాటిల్ నాలుగు ముక్కలనూ ఇంచుమించు ఒకే సమయంలో ఉరికాడు, ఒక్కొక్కటి 26 సెకన్ల చిల్లర. మొదటి ముక్కలో అతను నెమ్మదిగా లేడు, మిగతావాళ్లు శక్తికి మించి వేగంగా ఉన్నారు. చివరి ముక్కలో అతను ఎగిరిపోలేదు, మిగతావాళ్లు అలసి నెమ్మదించారు. చూసేవాళ్లకు అది మెరుపులా కనబడింది. ఉరికినవాడికి మాత్రం అది మొదటి నుంచీ ఒకే లెక్క.

చివర్లో గెలవడం అంటే చివర్లో మొదలుపెట్టడం కాదు. చివరి దాకా తగ్గకుండా ఉండడం. పరీక్షకు ముందు రాత్రి పుస్తకం తెరిచేవాడు వాటిల్ కాడు. జూన్‌లో ఎంత చదివాడో మార్చిలో కూడా అంతే చదివేవాడు వాటిల్.

అంటే ముందు ఉరికేవాళ్లు తెలివి లేనివాళ్లని కాదు. ఆ మాట మేము ఒకసారి అని బుద్ధి తెచ్చుకున్నాం. మన దేశపు శ్రీరామ్ సింగ్ సంగతి వినండి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ 800 మీటర్ల ఫైనల్లో ఆయన మొదటి చుట్టులో అందరి ముందు ఉరికాడు. చివరికి ఏడో స్థానంలో వచ్చాడు. ఆ పందెంలో క్యూబా ఆటగాడు అల్బెర్టో హువాంతొరేనా 1 నిమిషం 43.50 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు. మొదటి చుట్టులో శ్రీరామ్ సింగ్ పెట్టిన వేగం ఆ రికార్డుకు సాయపడింది. ఏడో స్థానంలో వచ్చిన శ్రీరామ్ సింగ్ సమయం 1 నిమిషం 45.77 సెకన్లు. దాన్ని దాటడానికి మన దేశంలో ఇంకొకరికి 2018 దాకా, అంటే 42 ఏళ్లు పట్టింది. ఏడో స్థానం అని ఆయన్ని ఎవరు తక్కువ చేస్తారు? ఎవరి కాళ్లకు ఏ పద్ధతి సరిపడుతుందో తెలుసుకోవాలి. ఆ తెలుసుకోవడం మా పాపకు మేము ఇవ్వలేదు. అదీ మా తప్పు.

ఇప్పుడు మన పక్కింటి సంగతి. మైలార్‌దేవ్‌పల్లి నుంచి నార్సింగి ఎంత దూరం? ఆటోలో పోయే దూరం. అక్కడి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న అమ్మాయి అగసార నందిని. టీ అమ్ముకుని బతికిన కుటుంబం. ద్రోణాచార్య అవార్డు అందుకున్న కోచ్ నాగపురి రమేష్ దగ్గర సాధన చేసింది. ఆమె ఆట హెప్టాథ్లాన్. రెండు రోజుల్లో ఏడు పోటీలు. మొదటి రోజు వంద మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, రెండు వందల మీటర్ల పరుగు. రెండో రోజు లాంగ్‌జంప్, జావెలిన్. ఈ ఆరూ అయ్యాక, ఒళ్లంతా నలిగిపోయాక, ఆఖరున 800 మీటర్లు.

2023 అక్టోబర్ 1న చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆ ఆఖరి 800 అయిపోయి లెక్క తేలేసరికి నందినికి 5712 పాయింట్లు వచ్చాయి, కాంస్య పతకం. నాలుగో స్థానంలో వచ్చిన అమ్మాయి కూడా మన దేశం బిడ్డే, 2018 ఆసియా క్రీడల్లో ఇదే ఆటలో బంగారం గెలిచిన స్వప్న బర్మన్. ఆమెకు 5708. తేడా నాలుగు పాయింట్లు.

మేము లెక్కల టీచర్లం కూడా కాబట్టి హెప్టాథ్లాన్ పాయింట్ల సూత్రం తీసి మా పిల్లలతో లెక్క కట్టించాం. ఆ స్థాయి అమ్మాయిలకు 800 మీటర్లలో ఒక సెకను విలువ దాదాపు 14 పాయింట్లు. అంటే నాలుగు పాయింట్లు సెకనులో మూడో వంతు కూడా కాదు. రెండు రోజులు, ఏడు ఆటలు, చివరికి కన్ను మూసి తెరిచేంత సమయం. అయితే ఆ నాలుగు పాయింట్లు 800 లోనే వచ్చాయని ఎవరు చెప్పగలరు? మొదటి రోజు ఇనుప గుండు కొద్దిగా ముందు పడితే వచ్చి ఉండొచ్చు. హర్డిల్ మీద కాలు తగలకుండా దాటితే వచ్చి ఉండొచ్చు. పాయింట్లన్నీ ఒకే సంచిలో పడతాయి. చివరి పరుగులో మనం ఆ సంచి విప్పి చూసుకుంటాం, అంతే. అదే నందిని 2025 మే నెలలో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో 5941 పాయింట్లతో బంగారు పతకం గెలిచింది. రెండేళ్లలో 229 పాయింట్లు పెంచుకుంది.

ఇంకొకరి గురించి చెప్పకుండా ఈ సభ నుంచి పోలేం, ఎందుకంటే ఆయన ఆదివాసీ, హాస్టల్ బిడ్డ. పేరు బిల్లీ మిల్స్. అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో పైన్ రిడ్జ్ అనే ఆదివాసీ ప్రాంతంలో 1938లో పుట్టాడు. లకోటా తెగ. చిన్నప్పుడే తల్లి పోయింది, పన్నెండేళ్లకు తండ్రి పోయాడు. ఆదివాసీ పిల్లలను పెట్టే హాస్కెల్ అనే వసతి పాఠశాలలో చదువుకున్నాడు, పరుగు అక్కడ పట్టుబడింది. కాలేజీలో మంచి పరుగు వీరుల ఫోటో తీసేటప్పుడు తనను పక్కకు జరగమన్నారని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. మన పిల్లల్లో ఎంతమందికి ఇటువంటి ఫోటో గుర్తుంటుందో మాకు తెలుసు.

1964 టోక్యో ఒలింపిక్స్. ఆయన ఉరికింది 10,000 మీటర్లు, అది దూరపు పరుగు. కానీ గెలిచింది ఆఖరి చుట్టులో. ప్రపంచ రికార్డు ఆస్ట్రేలియా ఆటగాడు రాన్ క్లార్క్‌ది. మిల్స్ పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. ఆఖరి చుట్టులో క్లార్క్, ట్యునీషియా ఆటగాడు మహమ్మద్ గమ్మూదీ, మిల్స్ ముగ్గురే మిగిలారు. ఒక చుట్టు వెనుకబడ్డవాళ్లు దారికి అడ్డం. ఆ తోపులాటలో మిల్స్‌కు దెబ్బ తగిలి పక్క లేన్లలోకి తూలిపోయాడు, మూడో స్థానానికి జారాడు. అక్కడ ఆగిపోయి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆగలేదు. చివరి సూటి దారిలో బయటి లేన్ నుంచి ఇద్దరినీ దాటాడు. 28 నిమిషాల 24.4 సెకన్లు, ఒలింపిక్ రికార్డు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆ పందెంలో ఒలింపిక్ బంగారం గెలిచిన అమెరికా మగవాడు ఇంకొకడు లేడు. గీత దాటగానే ఒక అధికారి వచ్చి "నువ్వెవరు?" అని అడిగాడట. చుట్లు తప్పు లెక్కపెట్టానేమో అని భయపడ్డానని ఆయనే చెప్పుకున్నాడు. గెలిచాక కూడా నమ్మకం కుదరని ఆ భయం మనకు కొత్తది కాదు. ఉద్యోగం వచ్చిన మన పిల్లలు కూడా ఆర్డర్ కాగితాన్ని నాలుగుసార్లు చదువుకుంటారు.

ఉరికే పిల్లల కోసం కొన్ని పనికొచ్చే మాటలు. 800 మీటర్లు రెండు నిమిషాల నలభై సెకన్లలో ఉరకాలనుకుంటే ఒక్కో రెండు వందలకు 40 సెకన్లు. మొదటి రెండు వందలు 33 సెకన్లలో ఉరికితే ఆ ఏడు సెకన్ల అప్పు మూడో ముక్కలో వడ్డీతో కట్టాలి. కండరాలకు ఆక్సిజన్ చాలదు, కాళ్లు రాయిలా అవుతాయి. అందుకని వారంలో రెండు రోజులు రెండు వందల మీటర్లు నాలుగుసార్లు, మధ్యలో నడుస్తూ, నాలుగూ ఒకే సమయంలో ఉరకడం నేర్చుకోండి. మొదటిది తేలిక అనిపించాలి. నాలుగోది కష్టమైనా సమయం మారకూడదు. ఇంకొకటి, మలుపులో దాటబోకండి. పెద్ద ట్రాక్ మీద మలుపులో ఒక లేన్ బయట ఉరికితే మూడున్నర మీటర్ల పైనే ఎక్కువ దూరం పడుతుంది. సూటి దారిలో దాటండి. ముందున్న మనిషి భుజం పక్కన ఖాళీ ఉండేలా చూసుకోండి, లేకపోతే దాటాల్సిన వేళకు దారి దొరకదు. ఇక అన్నిటికంటే ముందు, కడుపు నిండా తినండి. మా హాస్టల్లో సగం మంది పిల్లలు నెత్తురు తక్కువతో వస్తారు. నెత్తురు లేనిదే ఆక్సిజన్ అందదు. ఐరన్ మాత్ర కిటికీలోంచి పారేసే పిల్లలెవరో మాకు తెలుసు, ఇక్కడే కూర్చున్నారు.

మా పాప సంగతి చెప్పి ముగిస్తాం. మరుసటి ఏడు జోనల్ పోటీల్లో మొదటి చుట్టు అయ్యేసరికి ఆమె ఐదో స్థానంలో ఉంది. మేము నోరు మూసుకుని నిలబడ్డాం. అది మాకు ఆమె పరుగు కంటే కష్టమైంది. చివరి సూటి దారిలో ముగ్గురిని దాటింది. రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం రాలేదు, రాష్ట్ర జట్టుకు పోలేదు. పదో తరగతిలో లెక్కల్లో తప్పింది. మళ్లీ తండా నుంచి పెళ్లి మాట వచ్చింది. ఈసారి ఆమే వాళ్ల నాయనతో మాట్లాడింది. ఎండాకాలమంతా మా దగ్గరే ఉండి సప్లిమెంటరీ రాసి పాసైంది. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. రేపు పరీక్ష ఉందని ఇవాళ రాలేదు. రాకపోవడమే మాకు సంతోషం.

అప్పటి నుంచి మా హాస్టల్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పిల్లలు ఉరికేటప్పుడు మేము మొదలు దగ్గర నిలబడం, ముగింపు గీత దగ్గరా నిలబడం. మూడో చుట్టు అయిపోయే చోట, ఆరు వందల మీటర్ల దగ్గర నిలబడతాం. కాళ్లు బిగుసుకుపోయేది అక్కడ. మనిషి తోడు కావాల్సింది అక్కడ.

యువజన సంఘం తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా విన్నపం కూడా అదే. మన పిల్లల చదువుల్లో ఆరు వందల మీటర్ల గుర్తు ఎక్కడుందో మీకు తెలుసు. దసరా సెలవుల తర్వాత, సంక్రాంతి సెలవుల తర్వాత, పదో తరగతి ఫలితాల మరునాడు. అడ్మిషన్ రోజున పూలదండ వేయడానికి చాలామంది వస్తారు. ర్యాంకు వస్తే సన్మానానికి ఇంకా ఎక్కువ మంది వస్తారు. ఈ మధ్యలో ఎవరూ ఉండరు. ఈసారి సంక్రాంతి అయిపోయిన వారం రోజులకు మీ తండాలో, మీ గూడెంలో ఇల్లిల్లూ తిరగండి. హాస్టల్‌కు తిరిగి పోని పిల్ల ఎవరో కనుక్కోండి. తిట్టొద్దు, ఎందుకు పోలేదో అడగండి. అవసరమైతే బస్సు ఎక్కించి మాకు ఫోన్ చేయండి. రాత్రి ఎంత పొద్దుపోయినా ఆరాంఘర్ చౌరస్తాకు వచ్చి మేమే తీసుకుపోతాం.